పోటు వేళ

రంగూన్‌లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే తాయారమ్మ 1926 చలికాలంలో ఎనిమిది మంది పిల్లల్ని స్టీమరెక్కించి ఉత్తరాన అరకాన్ తీరానికి తీసుకెళ్లింది. సముద్రం కొండను ఎలా కొరికేస్తుందో పుస్తకంలో చదివితే చాలదు, కళ్లారా చూడాలని ఆమె పట్టుదల. రేవులో బస్తాలు మోసే అచ్చెన్న కూతురు చిన్నతల్లిని పంపడానికి తల్లి పైడితల్లి ససేమిరా అంది. తాయారమ్మే చిమిండైంగ్ పేటలో వాళ్లింటికి వెళ్లి, బతిమాలి ఒప్పించింది.

ఆ తీరాన కనుచూపుమేర ఊరు లేదు. అడవి కొండ దిగి వచ్చి నల్లరాళ్ల దగ్గర ఆగిపోయింది. ఆటుకు నీళ్లు తగ్గగానే పిల్లలు రాళ్ల సందుల్లో గవ్వలు, పీతలు వెతుక్కుంటూ దూరం పోయారు. పోటు మొదలయ్యే వేళ తాయారమ్మకు తెలుసు. కానీ క్లాసులో పెదవి విప్పని చిన్నతల్లి ఆ రోజు గలగలా నవ్వుతుంటే, ఇంకాసేపు ఉండనిద్దామనుకుంది.

నీళ్లు వెనకనుంచి చుట్టుముట్టాయి. ఆరుగురు మోకాటిలోతులో పడుతూ లేస్తూ ఒడ్డు చేరారు. సాన్ సాన్ అనే బర్మా పిల్లను ఒక చేత్తో, చిన్నతల్లిని ఇంకో చేత్తో పట్టుకుని తాయారమ్మ వాళ్ల వెనకే దిగింది. పెద్ద కెరటం ఒకటి ముగ్గుర్నీ రాతికేసి కొట్టింది. ఆమె తేరుకునేసరికి ఒక చెయ్యి ఖాళీగా ఉంది.

దూరపు పల్లె జాలరులు వచ్చి మర్నాడంతా వెతికారు. చిన్నతల్లి దొరకలేదు.

రంగూన్ రేవులో అచ్చెన్న ఎదురొచ్చాడు. దిగినవాళ్ల మొహాలు చూసి అక్కడే నిలబడిపోయాడు. తాయారమ్మ చెప్పిందంతా విన్నాడు.

"శవమైనా దొరకనేదా అమ్మా?"

"లేదు అచ్చెన్నా."

"ఈ స్టీమరు మళ్లీ అటే ఎల్తాది. నానెల్లి ఎతుకుతాను. దాని అమ్మకి మీరే సెప్పండి. నా నోటితో సెప్పనేను."

తాయారమ్మ ఒక్కతే చిమిండైంగ్ వెళ్లింది. బియ్యం చెరుగుతున్న పైడితల్లి తలెత్తి, ఆమె వెనక్కి చూసింది.

"పిల్లేదమ్మా? అయ్యతో వొస్తందా?"

తాయారమ్మ గుమ్మం బయటే నిలబడి, ఏదీ దాచకుండా చెప్పింది. పైడితల్లి ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"ఆకర్న ఎవుర్ని పిలిసిందమ్మా? నన్నేనా?"

అవునంటే సరిపోయేది. తాయారమ్మకు అబద్ధం నోట రాలేదు.

"నన్ను," అంది.

పైడితల్లి చేట పక్కన పెట్టి లేచింది. తాయారమ్మ మొహం మీదే తలుపు వేసుకుంది.