ఎడమ అద్దంలో ఆకాశం

రెండుసార్లు డ్రైవింగ్ టెస్ట్ తప్పిన పద్మినికి మూడోది ఆ మధ్యాహ్నం రెండింటికి. పాసయితే సోమవారం నుంచి లైబ్రరీలో ఉద్యోగం. తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి. అక్కడికి పన్నెండు మైళ్లు, బస్సు లేదు, అమెరికాలోని ఈ ట్రాయ్ ఊళ్లో నడిచి ఉద్యోగానికి వెళ్లిన మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

అలాంటి రోజున, పదకొండింటికి కారెక్కి చూస్తే, డ్రైవర్ వైపు, అంటే ఎడమ అద్దంలో, రోడ్డు లేదు. ఆకాశం ఉంది. ఒక మబ్బు కూడా ఉంది.

"ఏమండీ! వెనక విమానం వస్తే తప్ప నాకేమీ కనబడదు, రండి!"

భర్త రామమోహనరావు పరుగున వచ్చాడు. ఆయన ఏడేళ్లుగా కార్ల కంపెనీలో ఇంజినీరు. ఏడేళ్లూ బంపర్లే చూశాడనుకోండి, అది వేరే సంగతి. పవర్ మిర్రర్లున్నాయని మురిసిపోయి నిన్ననే కొన్నాడీ పాత కారు. తలుపు మీదున్న చిన్న పుల్లను కదిపితే మోటారు అద్దాన్ని తిప్పుతుంది. ఎడమదా, కుడిదా అన్నది పక్కనున్న బటన్ జరిపి చెప్పాలి. ఆయన పుల్ల కదిపితే కుడి అద్దం బుద్ధిగా తలాడించింది. ఎడమది ఉలకదు, పలకదు.

"చేత్తో నెట్టేస్తే?"

"అమ్మో! లోపల ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. నువ్వు జరుగు, సిస్టమాటిక్‌గా చెక్ చేస్తాను. ముందు ఫ్యూజ్!"

"కుడిది పనిచేస్తోందిగా, ఫ్యూజెలా పోతుందండీ?"

ఆ ప్రశ్న ఆయన వినలేదు. ఫ్యూజు చూశాడు, తలుపు లోపలి అట్ట ఊడదీశాడు, వైర్లన్నీ లాగి చూశాడు, వేలు కోసుకున్నాడు. పన్నెండున్నరకు తీర్పు చెప్పాడు: "మోటార్ కాలిపోయింది. టెస్ట్ పోస్ట్‌పోన్ చేద్దాం."

పద్మిని ఏడుపు ఆపుకోలేక, ఆ మాయదారి బటన్‌ను గోటితో గీరింది. ఎర్రటి పెచ్చు ఊడింది. ఇంకోసారి గీరింది. పసుపు వాసన!

"కారు పూజలో స్టీరింగుకొక్క బొట్టు పెట్టమన్నాను. ఇదేమిటి?"

రామమోహనరావు బూట్లు చూసుకున్నాడు. "ఏ బటన్‌కి కోపమొస్తుందోనని... అన్నిటికీ నొక్కి నొక్కి పెట్టాను. కాస్త తడిగా."

"ఎంత తడిగా?"

"ధారాళంగా."

"మీ భక్తి మండ! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, బొట్టు కోసం తలుపంతా ఊడదీశారే!"

తిడుతూనే పక్కున నవ్వేసింది. నవ్వాపుకోలేక డ్రైవ్‌వేలో కూలబడింది. ఆయనా కూలబడ్డాడు. ఇంకా నవ్వుతూనే ఆమె దూది, స్పిరిటు, పిన్నీసు తెచ్చి, సందుల్లో గట్టిపడ్డ పసుపూ కుంకుమా తవ్వితీసింది. బటన్ టక్కున ఎడమకు జరిగింది. పుల్ల నొక్కింది. అద్దంలో మబ్బు పైకి పోయింది, ఎదురింటి కప్పు కిందినుంచి లేచింది, ఆ తర్వాత రోడ్డు, ఎంతో అందమైన రోడ్డు!

"వచ్చిందండోయ్!" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది.

తలుపు బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తలేదు.

మూడింటికి పద్మిని టెస్ట్ ఆఫీసులోంచి లైసెన్సు కాగితం ఊపుతూ వచ్చింది. రామమోహనరావు ఆనందం పట్టలేక జేబులోంచి కుంకుమ పొట్లం తీసి కారు వైపు నడిచాడు.

"ఆగండక్కడ!"

పొట్లం లాక్కుని, ఆయన నుదుటి మీద రూపాయంత బొట్టు పెట్టింది.

"మీకైతే స్విచ్‌లు లేవు. ఇక ఎక్కండి, అటు పక్క సీట్లో."