వెనక సీటులో బాపు

నేను ఒక స్కూటర్‌ని. కదలకుండా నిలబడటం నాకు మొదటి నుంచీ పడదు. ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్లు స్టాండు వేసి పక్కకు వెళ్లిన నాడే నాలో ఏదో తొందర మొదలైంది. తర్వాత తాళ్లతో కట్టేసి లారీలో జగిత్యాలకు తెచ్చారు. షోరూం అద్దాల వెనక నిలబడి, బయట పొగ కక్కుతూ పోయే పాత మోపెడ్లను చూసి కూడా అసూయపడ్డాను.

మొదట నన్ను కొన్నది సులోచన టీచర్. నన్ను పాలగిన్నె మోసినంత జాగ్రత్తగా నడిపేది. ఆమె బదిలీ మీద వెళ్తూ నన్ను ఓదెలుకు అమ్మేసింది. ఓదెలుకు బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఉంది. ఊళ్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఎవరు గెలిచినా ఆయన మిషన్ తిరగాల్సిందే. భార్య స్వరూప ఇంటి ముందు గదిలో జాకెట్లు కుట్టేది. వాళ్లకు ఒక్కడే కొడుకు, రుత్విక్. పదో తరగతి పాసయ్యాడని వాడి చేతికి నా తాళం ఇచ్చారు. లైసెన్సు వచ్చే వయసు కాలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. మనుషులు కొన్ని విషయాల్లో చాలా కలిసికట్టుగా మరిచిపోతారు.

వాడి చేతిలో పడ్డాక నాకు పండగే అయింది. మెట్లు బయట నుంచే ఉన్న ఇల్లు వాళ్లది. ఆ మెట్ల కింద నా చోటు. డాబా మీద ఎవరేం మాట్లాడినా నాకు వినిపించేది. ఆదివారం మధ్యాహ్నం స్వరూప తమ్ముడు తిరుపతి వచ్చేవాడు. బావా బామ్మర్దులు డాబా ఎక్కేవారు. కాసేపటికి పైనుంచి కేక వినిపించేది.

"అరే రుత్విక్, సోడాలు పట్కరా పో! ఐసు గూడ!"

వాడు నన్ను తీసేవాడు. సోడాలు నా సీటు కింద గలగలమనేవి. ఏ ఆదివారమూ తప్పని పని అది. దసరా నాడు సోడాలు తెచ్చి పైకి వెళ్లిన పిల్లవాడు వెంటనే దిగి రాలేదు.

"ఓ గుక్క తాగురా అల్లుడా. మొగపిల్లగానివి," తిరుపతి గొంతు.

"వద్దు మామా."

"ఇంట్ల తాగితే బయట చెడిపోరు బావా. మా దోస్తులందరం గట్లనే గదా."

ఓదెలు నవ్వాడు. "తాగితే తాగనీ, పండగపూట." మెట్ల మీద పళ్లెంతో ఎక్కుతున్న స్వరూప ఆగింది. ఏదో అనబోయింది. పళ్లెం మెట్టు మీదే పెట్టి దిగిపోయింది.

ఆ తర్వాత నా దారులు మారాయి. కాలేజీకి పోవాల్సిన చక్రాలు మూతపడ్డ రైసుమిల్లు వెనక్కి, అక్కడి నుంచి కాలువ గట్టుకు తిరిగేవి. రుత్విక్ క్లాసులోనే చదివే సంతు అక్కడ ఉండేవాడు. మొదట సీసాలు. తర్వాత ఎండుగడ్డి కాలినట్టు ఘాటుగా వాసన వచ్చే చుట్టలు. అది గంజాయి అని వాళ్ల మాటల్లోనే తెలిసింది. నా డిక్కీలో బాడీ స్ప్రే డబ్బా ఒకటి చేరింది. ఇంటి మలుపు రాగానే వాడు నన్నాపి ఒళ్లంతా కొట్టుకునేవాడు. ఆ వాసన నాకే వికారంగా ఉండేది. యాక్సిలరేటర్ మీద వాడి చెయ్యి ఇదివరకటిలా లేదు. ఉన్నట్టుండి తిప్పేది, ఉన్నట్టుండి సడలేది. పరుగంటే ప్రాణమిచ్చే నేను, వాడు తాళం పెడుతుంటే స్టార్టు కాకుంటే బాగుండుననుకునే స్థితికి వచ్చాను. ఎవరికి చెప్పను? నాకున్నది ఒక్క హారను. అదీ వాళ్లు నొక్కితేనే.

స్వరూప ముందుగా పసిగట్టింది. చొక్కాలు ఉతికేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. భర్తకు చెప్పింది. "వయసు గదా, అదే పోతది," అన్నాడు ఓదెలు ఫోను చూసుకుంటూ. కాలేజీ నుంచి పిలుపు వచ్చిన రోజున మాత్రం ఇంటికి వచ్చి, డిక్కీ తెరిచి చూసి, కొడుకు చెంప పగలగొట్టాడు. "నా ఇజ్జత్ తీసినవ్ గదరా!" అని ఊరు వినేలా అరిచాడు. ఓదెలు నా చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పని అయిపోయిందనుకున్నాడు.

బండికి తాళం వేస్తే పిల్లవాడు ఆగుతాడా? వాడు నడిచి పోయాడు. తర్వాత ఇతరుల బండ్ల మీద పోయాడు. కదలలేక మెట్ల కింద మిగిలింది నేనే. ఇంట్లో తండ్రీకొడుకులు ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగడం వింటూ, ఏదో జరగబోతోందని లోపల కొట్టుకుంటూ ఉన్నాను.

ఒక మధ్యాహ్నం స్వరూప ఫోను మోగింది. కాలువ దగ్గర బర్రెలు మేపే ఒకాయన రుత్విక్ ఫోను నుంచే చేశాడు.

"అమ్మా, నీ కొడుకేనా? గట్టు మీద పడున్నడు. లేపితే లేస్తలేడు. జల్ది రాండ్రి."

ఆమె వంటింట్లోకి పరుగెత్తి పొత్రం పట్టుకొచ్చింది. నా గొలుసు తాళం మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. వేలు నలిగి రక్తం వచ్చినా ఆగలేదు. తాళం ఊడింది. మా వాడకట్టు దాటి ఆమె నన్ను ఎప్పుడూ నడపలేదు. ఆ రోజు బస్టాండు రోడ్డులో లారీల మధ్య నుంచి దూసుకుపోయింది. షాపు ముందు ఆగి "ఎక్కు!" అని ఒక్కటే అన్నది. ఓదెలు ఏమిటని అడగకుండా ఎక్కాడు.

కాలువ గట్టు మీద రుత్విక్ పక్కకు ఒరిగి వాంతిలో పడి ఉన్నాడు. తాగినదాంట్లో ఏవో మత్తు గోళీలు కలిపారట. సంతు కనిపించలేదు. ఓదెలు కొడుకును ఎత్తి తన ఛాతీకి ఆనించుకుని వెనక కూర్చున్నాడు. స్వరూప నన్ను ఆసుపత్రికి ఉరికించింది. దారంతా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"కండ్లు తెరువు బిడ్డా. నేను కొట్ట. ఇగ కొట్ట. ఒక్కసారి కండ్లు తెరువు."

వాడు బతికాడు. ఇంటికి పంపించే రోజున ఆలుమగలు ఆసుపత్రి ఆవరణలో నా పక్కన నిలబడ్డారు.

"డాక్టరమ్మ అడిగింది వాన్ని, మొదటిసారి ఏడ తాగినవని," అన్నాడు ఓదెలు. "వాడు నా దిక్కు సూసిండు. మా ఇంట్లనే అన్నడు."

స్వరూప కట్టు కట్టిన వేలిని చూసుకుంది. "నేను గూడ ఆ పొద్దు మెట్ల మీద ఊకున్న గదా," అంది.

తరువాతి ఆదివారం తిరుపతి సీసాల సంచీతో వచ్చాడు. ఓదెలు గేటు దగ్గరే ఎదురెళ్లాడు.

"ఇగ బంద్ తిరుపతీ."

"పిల్లగానికి గదా బంద్ పెట్టాల్సింది? నీకేమైంది బావా?"

"వానికి నేను తాగుకుంట చెప్పాల్నా? అన్నం తిని పో. సంచి మాత్రం నీ బండి మీదనే ఉండనియ్యి."

తిరుపతి అలిగి వెళ్లిపోయాడు. చాలా రోజులు రాలేదు. ఆదివారాల్లో ఓదెలు డాబా ఎక్కి ఊరికే తిరిగేవాడు. అడుగుల చప్పుడు నా నెత్తిమీద ఆ చివర నుంచి ఈ చివరకు పోయేది. నాలాగే ఆయనకూ నిలకడ లేకుండా పోయింది. ఎవరి మీదో ఒకరి మీద అరిచేవాడు. తర్వాత కిందికి వచ్చి "అరిచిన, ఏమనుకోకు," అని కొడుకుతో అనడం మాత్రం కొత్త.

కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి వారం వారం రమ్మన్నారు, తల్లిదండ్రులను కూడా. నా తాళం రుత్విక్‌కు ఇవ్వలేదు, లైసెన్సు వచ్చేదాకా ఇచ్చేది లేదన్నారు. ఓదెలు నడిపితే వాడు వెనక కూర్చునేవాడు. మొదట్లో దారంతా ఆయన మార్కుల గురించి అడిగేవాడు, వాడు "ఊ" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య నా ఇంజన్ చప్పుడొక్కటే. డాక్టరు ఏం చెప్పాడో గానీ, ఓదెలు అడగడం తగ్గించాడు. ఎండలో, దుమ్ములో మౌనంగా పోయేవాళ్లం. ముఖాలు ఎదురుగా లేవు గనుక కాబోలు, వాడే ఒకటి రెండు మాటలు రాల్చడం మొదలుపెట్టాడు. పడుకుంటే భయమేస్తోందని ఒకసారి. క్లాసులో ఎవరూ మాట్లాడటం లేదని మరోసారి. ఒక్కసారి తప్పాడు కూడా. మళ్లీ చుట్ట తాగానని కొండగట్టు దాటాక వాడే చెప్పాడు. ఓదెలు నన్ను రోడ్డు పక్కన ఆపి, దిగి, కొంచెం దూరం నడిచి వెళ్లి, నిలబడి, తిరిగి వచ్చాడు. "సరే. డాక్టరుకు గూడ గిదే చెప్పు," అన్నాడు.

వాడికి లైసెన్సు వచ్చింది. వాడు నడుపుతుంటే ఓదెలు వెనక సీటులోకి మారాడు. అలా పోతున్న ఒక సాయంత్రం వాడన్నాడు.

"బాపూ, సంతుగాడు ఫోన్ చేసిండు. ఇయ్యాల కాలువ కాడికి రమ్మంటున్నడు."

ఫుట్‌రెస్టు మీద ఓదెలు కాళ్లు బిగుసుకోవడం నాకు తెలిసింది.

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. నీకు చెప్తున్న."

కొంత దూరం పోయాక ఓదెలు అడిగాడు. "వాళ్ల బాపుకు ఎరికేనా?"

"ఎరికలేదు. ఎవలు చెప్తరు?"

నన్ను సంతు ఇంటి ముందు ఆపారు. సంతు తండ్రి రాజలింగానికి ఎరువుల దుకాణం. ఓదెలు చెప్పింది సగం విని ఆయన లేచాడు. "మావోడు అసుంటోడు కాదన్నా. నీ కొడుకును నువ్వు సూస్కో," అని తలుపు వేసుకున్నాడు. రుత్విక్ మెడ ఎర్రబడింది. ఓదెలు మాత్రం ఇంటికి వచ్చాక స్వరూపతో అన్నాడు. "నాకు ఎవలన్న అట్ల చెప్తే నేను గూడ గట్లనే అంటుంటి."

వానలు మొదలయ్యాక, ఒకనాడు పొద్దున్నే రాజలింగం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. "అన్నా, మీవోనికి ఏ డాక్టరు సూసిండు?" అని అడిగాడు. ఓదెలు మెట్ల కింద నుంచి నన్ను తీశాడు. సంతు ఎక్కడెక్కడ ఉంటాడో రుత్విక్ చెప్పాడు. ఇద్దరు తండ్రులూ వానలో నా మీద ఊరంతా తిరిగారు. వెనక రాజలింగం ఏడుస్తున్నాడు. ఓదెలు వెనక్కి తిరగలేదు, నన్ను మాత్రం నెమ్మదిగా పోనిచ్చాడు. రైసుమిల్లు గోడ చాటున సంతు దొరికాడు. వాడిని ఒప్పించి చికిత్సకు పంపారు. నెల తిరక్కుండా పారిపోయి వచ్చాడు. మళ్లీ పంపారు.

ఇప్పుడు నేను పాత ఇనుము దుకాణంలో ఉన్నాను. ఇంజన్ లోపల అరిగిపోయి బోరుకు వచ్చింది, బాగుచేయడం దండగన్నాడు మెకానిక్. నిన్న నన్ను రుత్వికే తోసుకొచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు, షాపులో బాపుకు డిజైన్లు చేసి పెడుతున్నాడు. దుకాణంవాడు నా నంబరుప్లేటు విప్పుతుంటే వాడి ఫోను మోగింది.

"ఆ బాపూ, ఇచ్చేసిన... నడుసుకుంటనే వస్త... లేదు, ఇంటికి జర లేటైతది. సంతు ఇయ్యాల దవాఖాన నుంచి వస్తున్నడంట. బస్టాండుకు పోత. వాళ్ల బాపు ఒక్కడే వచ్చిండంట ఆడికి."

అవతల ఏమన్నారో నాకు వినిపించలేదు.

"సరే, నువ్వు గూడ రా," అన్నాడు రుత్విక్. ఫోను జేబులో పెట్టుకుని, బస్టాండు వైపు గబగబా నడవడం మొదలుపెట్టాడు.