చక్రాల కింది మెట్టు

పదకొండో నంబరు జాగాలోంచి బండి కదిలి గంట కాలేదు, వెర్లా అప్పుడే దంతెతో కంకర సర్దుతోంది. వెళ్ళేవాళ్ళు ఏదో ఒకటి మరిచిపోతారు. నీళ్ళ గొట్టమో, కాళ్ళపట్టానో, ఎక్కువగా చక్రాల కింద పెట్టే చెక్కముక్కో. నేల వాలుగా ఉన్నచోట బండిని మట్టంగా నిలబెట్టిన చెక్క, బండి దిగిపోయాక కంకరలో కంకరైపోతుంది. దొరికినవాటిని ఆమె క్యాంపు ఆఫీసు గోడ పక్కన పేరుస్తుంది. వాటికోసం ఎవరూ వెనక్కి రారు.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి, వెడల్పు భుజాలు. ఉత్తర డకోటాలో ముప్పై ఒక్క ఏళ్ళు బడిపిల్లలకి గరిటెతో వడ్డించిన కుడిచెయ్యి ఎడమదానికన్నా లావు. తొమ్మిదేళ్ళుగా ఆమె, భర్త ఆరిన్ ఈ ముప్పై అడుగుల ఇల్లులాంటి మోటారు బండిలోనే ఉంటున్నారు. చలికాలం అరిజోనా ఎడారిలో, ఎండాకాలం ఉత్తరాన కొండల్లో. ఎక్కడైనా ఆమె పని ఒకటే: మరుగుదొడ్లు కడగడం, వచ్చినవాళ్ళకి జాగా చూపించడం. జీతం లేదు, జాగాకి అద్దె లేదు. ఆ పని చేసేవాళ్ళని హోస్టు అంటారు.

"హోస్టమ్మా! ఇవాళేగా పెళ్ళిచూపులు?" పన్నెండో నంబరు డెల్బర్ట్ కాఫీ కప్పుతో బయటికొచ్చాడు.

"పదకొండింటికి బీమావాళ్ళ ఫోను. సాయంత్రం అయిదుకి పాత పాలసీ గడువు తీరిపోతుంది."

"నిజం చెప్పేస్తావా?"

"చెప్పేస్తా."

"మీ ఆయన చెప్పనిస్తాడా?" డెల్బర్ట్ నవ్వాడు కాని, ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. కిందటి నెల అతని బండి మెట్టు మీద జారి ఒకావిడ తుంటి విరిగింది. అతని దగ్గరున్నది సెలవుల్లో తిరిగేవాళ్ళ పాలసీ. ఏడాదిలో ఎన్ని రాత్రులు బండిలో పడుకుంటావని కంపెనీవాళ్ళడిగారు. అన్నీ అన్నాడు. అయితే అది సెలవు కాదుగా అని చేతులు దులుపుకున్నారు. ఈ సంగతి జాగాల్లో అందరికీ తెలుసు. అయినా సగంమంది దగ్గర ఇంకా ఆ పాలసీయే ఉంది.

బండిలో ఆరిన్ మడతబల్ల ముందు కూర్చుని ఫారం మీద పెన్సిలుతో రాస్తున్నాడు. నివాసం: దక్షిణ డకోటాలో అద్దెకి తీసుకున్న ఉత్తరాల పెట్టె నంబరు. వాడకం: సెలవులకి.

"అది పెట్టె, ఆరిన్. జానెడు వెడల్పు."

"మన ఉత్తరాలు అక్కడికే వస్తాయిగా."

"ఉత్తరాలు పడుకుంటాయి. మనం పడుకోం."

అతను 'సెలవులకి' కింద గీత గీశాడు. అది పిసినారితనం కాదనీ, మోసం అసలే కాదనీ వెర్లాకి తెలుసు. సెలవు అని రాస్తే ఆ సెలవు ఎప్పుడో అయిపోతుంది. అయిపోతే ఇంటికి వెళ్ళాలి. ఇల్లు అమ్మి తొమ్మిదేళ్ళు. తాళాలు ఇచ్చే ముందురోజు అతను ముంగిట చెక్కమెట్టు ఊడదీసి, కొన్నవాళ్ళకి కొత్తది బిగించి, పాతదాన్ని నాలుగు ముక్కలు కోశాడు. ఒక అంచున ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. ఎక్కడ ఆగినా ఆ నాలుగే చక్రాల కిందికి. గుండెకి రెండోసారి స్టెంటు వేశాక కూడా వాటిని ఆమెను ముట్టుకోనివ్వలేదు. తనే మోకాళ్ళ మీద కూర్చుని పెట్టి, లోపలికొచ్చి గోడకున్న రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చిందో లేదో చూసేవాడు. వెర్లా ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. మనిషి దేనిమీద నిలబడ్డాడో దాన్ని లాగకూడదు అనుకునేది. ఈసారి మాత్రం లాగాల్సిందే.

పదకొండింటికి ఫోను మోగింది, వెర్లా స్పీకర్లో పెట్టింది. అవతల మారిబెత్ అనే అమ్మాయి.

"మేడమ్, ఈ పెట్టె చిరునామాలో మా దగ్గరే నాలుగొందలమంది కాపురం ఉన్నారండీ."

"ఇద్దరిని కొట్టెయ్యి తల్లీ." వెర్లా ఫారం తిప్పింది. వెనక ఆమె ఎప్పుడో రాసిపెట్టుకుంది. "మా మెట్టు మీద ఎవరైనా పడితే చూసుకునేది, ఉండాలి. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు మేం తలదాచుకోడానికి, ఉండాలి. లోపలి సామానుకీ ఉండాలి."

"బండి పూర్తిగా పోతే కొత్తదాని ధర ఇమ్మంటారా?"

"వద్దు. బండి వయసుకి తగ్గించిన ధర చాలు. మాకు మాత్రం కొత్త ధర ఎవరిస్తారు?"

అమ్మాయి నవ్వింది. "యజమానులిద్దరూ చెప్పాలండీ. సార్, ఏడాదిలో ఎన్ని నెలలు ఇందులో ఉంటారు?"

వెర్లా వాదనంతా సిద్ధం చేసుకుని ఉంది. ఆరిన్ రసమట్టం వంక చూశాడు.

"పన్నెండు," అన్నాడు.

"వేరే ఇల్లుందా సార్?"

"ఉండేది. ఇప్పుడిదే."

బలంగా తొయ్యబోతే తలుపు దానంతటదే తెరుచుకున్నట్టయింది వెర్లాకి. తూలిపడకుండా బల్ల పట్టుకుంది.

ఫోను పెట్టేశాక అతను సామాన్ల జాబితా అంతా చదివాడు. "నా చెక్కలు రాయలేదేం?"

"చెక్కముక్కలకి బీమా ఏమిటయ్యా?"

"అవునులే. అవి సామాను కాదు, ఇంట్లో భాగం." తనే నవ్వాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, కుర్చీ తీసుకుని బయట గుడ్డపందిరి కిందికి వెళ్ళాడు.

నాలుగింటికి ఆమె చీపురు, బకెట్టు తీసుకుని మరుగుదొడ్లు కడగడానికి పోయింది. తిరిగొచ్చేసరికి ఎండ అతని పాదాల మీద ఉంది. నీడ జరిగితే దాంతోపాటే కుర్చీ జరుపుకునే మనిషి. వెర్లా బకెట్టు కింద పెట్టింది. పెన్సిలు ఇంకా చెవి మీదే ఉంది. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుని నాడి చూసి, అతని ఒళ్ళోని టోపీ తీసి పాదాల మీద కప్పింది. ఆ తర్వాతే డెల్బర్ట్‌ని కేకేసింది.

మార్చి ఆఖరున ఎండలు ముదిరాయి. కొత్త పాలసీలో ఇప్పుడొక్క పేరే ఉంది.

"ఒక్కదానివే నడుపుతావా, హోస్టమ్మా?"

"అద్దాలు రెండున్నాయి, చాలు."

ఆమె బండి మెట్టు లోపలికి మడిచింది, గొట్టం చుట్టింది, బండిని చెక్కల మీదనుంచి నెమ్మదిగా దింపి చుట్టూ రెండుసార్లు నడిచింది. మూడు చెక్కలు ఏరి పెట్టెలో వేసుకుంది. నాలుగోదాని దగ్గర కాసేపు నిలబడి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

"ఒకటి మరిచిపోయావ్!" వెనకనుంచి డెల్బర్ట్ అరిచాడు.

కిటికీలోంచి చెయ్యి ఊపి ఆమె రోడ్డెక్కింది. వాళ్ళిద్దరూ ఉన్న తొమ్మిదో నంబరు జాగాలో, కంకర మధ్య, ఎడమ ముందుచక్రం నిలిచినచోట, నాలుగు నెలల టైరు అచ్చుతో, ఒక అంచున ఆకుపచ్చ రంగుతో, ఆ చెక్క.