పై వాటాకు ఇరవై ఐదు మార్కులు

ఇరవై ఐదు మార్కులకు పట్టిక గీసేసరికి వెంకటరామయ్య గారికి మనసు కొంత కుదుటపడింది. ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. లోకంలో దేన్నైనా మార్కులు వేసి తేల్చవచ్చని ఆయన నమ్మకం. ఇప్పుడు తేల్చవలసింది, చందానగర్‌లోని తన ఇంటి పై వాటాలోకి ఎవరిని రానివ్వాలన్నది.

ఇన్నేళ్లూ ఆ పని భార్య వాసంతిది. వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, ఊరూ పేరూ అడిగి, పది నిమిషాల్లో తేల్చేసేది. ‘ఏ ఆధారంతో?’ అని ఈయన అడిగితే, ‘మిమ్మల్ని చేసుకున్నప్పుడు ఏ ఆధారం చూశాను?’ అనేది. ఆవిడ పోయి ఏడు నెలలు. పై వాటా ఖాళీ అయి నాలుగు నెలలు. కుక్కరు కూత పెడితే, పొయ్యి మీద పెట్టిన మనిషే ఉలిక్కిపడుతున్నాడు. ఇంట్లో మనుషుల అలికిడి కావాలి. కానీ తప్పు మనుషులు వస్తే, వాళ్లను నెత్తిమీద పెట్టుకుని మోయవలసింది ఒక్కడే. అదీ భయం.

గుర్తింపు కార్డులకు మూడు మార్కులు, జీతం చీటీకి ఐదు, మాటతీరుకు నాలుగు, ఇప్పటి ఓనరు అభిప్రాయానికి ఎనిమిది. మిగిలిన ఐదూ మొదట ‘శాకాహారులా?’ అన్న ప్రశ్నకు పెట్టారు. మధ్యాహ్నం కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న చేపల పులుసు తినేటప్పుడు సిగ్గేసి, దాన్ని కొట్టేసి ‘సమయపాలన’ అని రాశారు.

ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న చెన్నమ్మ ఆ కాగితం చూసి, “ఏంది సారూ, ఇల్లు కిరాయికిస్తున్నరా, పోలీసు నౌకరి ఇస్తున్నరా?” అంది.

ఆదివారం సరిగ్గా పదింటికి వెంకట్ అనే కుర్రాడు వచ్చాడు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. కాగితాలన్నీ ఫైలులో వరసగా పెట్టుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాడు. బాలానగర్‌లోని అతని ఓనరుకు ఫోన్ చేస్తే ఆయన పరవశించిపోయాడు.

“మా వెంకటాండీ? ఆణిముత్యం! కళ్లు మూసుకుని ఇచ్చేయండి. ఎప్పుడు రమ్మంటారు? సామాను బండి కూడా నేనే మాట్లాడి పంపిస్తానండి.”

ఎనిమిదికి ఎనిమిది. ఎవరికీ నూటికి నూరు వేయకూడదన్న పాత అలవాటుతో ఒక మార్కు మాటతీరులో తగ్గించి, ఇరవై నాలుగు వేశారు.

పదకొండింటికి రావలసిన ఎవాంజెలిన్ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కొండాపూర్‌లో నర్సు. డ్యూటీ బట్టల్లోనే ఉంది. కూడా వాళ్లమ్మ కృపమ్మ. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఎవాంజెలిన్ వస్తూనే కుళాయిలన్నీ తిప్పింది, కిటికీ గడియలు వేసి తీసింది. “వంటింట్ల నల్లా కారుతుంది సార్. బోరు నీళ్లా, మంజీర నీళ్లా?” అంది. ఈయన ప్రశ్నలు అడిగే వంతు చాలాసేపటికి గాని రాలేదు.

కూకట్‌పల్లిలో ఆమె ఓనరు బుల్లిబాబు. “అయ్యో, ఆవిడా! వద్దండి బాబూ. కుళాయి కారితే ఫోను, లైటు మాడితే ఫోను. వాళ్లమ్మ మిషను రోజంతా టకటకటకా. మీరు తట్టుకోలేరండి. ఇంకెవర్నైనా చూసుకోండి.”

మొత్తం మీద తొమ్మిది.

ఫలితం తేలిపోయింది. వెంకట్ పేరు కింద, చెయ్యి దాని అలవాటున అది, ‘ప్రవర్తన: మిక్కిలి సంతృప్తికరం’ అని రాసేసింది. రాసి ఆగింది.

ఆ మాట ఆయన కొన్ని వందల టీసీల మీద రాశారు. ఎవరికి? సైన్సు మాస్టారిని ల్యాబులో పెట్టి గొళ్లెం వేసినవాడికి. గోడ దూకినవాడికి. పక్క బడివాళ్లు మారు మాట్లాడకుండా చేర్చుకోవాలి, వీడు మళ్లీ ఈ గేటు తొక్కకూడదు. అదే, ఫస్టు వచ్చే పిల్ల తండ్రి టీసీ కోసం వస్తే, ‘మీ అమ్మాయికి కొత్త బడి పడదండీ, కాస్త మందకొడి’ అని చెప్పి పంపేశారు. హెడ్మాస్టరుగా తాను అమ్మిన సరుకునే ఇవాళ ఫోనులో తాను కొనుక్కున్నారు. పైగా ఎనిమిది మార్కులిచ్చి.

ఇద్దరి కాగితాల్లోనూ అంతకుముందు ఉన్న ఇంటి చిరునామా ఉంది. ఆ ఓనర్లకు ఇప్పుడు వీళ్లను వదిలించుకునే పనీ లేదు, పట్టుకునే పనీ లేదు. నంబర్లు సంపాదించి ఫోన్ చేశారు.

వెంకట్ పాత ఓనరు నిట్టూర్చాడు. “ఇల్లు అతనికే ఇచ్చానండి. నెల తిరక్కుండా తొమ్మిది మంది కుర్రాళ్లు దిగారు. అతను మాత్రం లేడు!”

ఎవాంజెలిన్ పాత ఓనరు ఉమాశ్రీ మాత్రం, “వాళ్లు పోయిన్నాడు ఏడ్చిన సార్. నల్లా కారుతుందని చెప్పెటోళ్లు ఉంటేనే ఇల్లు నిలుస్తది,” అంది.

వెంటనే ఎవాంజెలిన్‌కు ఫోన్ చేసి, ఫస్టు క్లాసు వచ్చిందని చెప్పే గొంతుతో, “మీరు వచ్చేయవచ్చమ్మా,” అన్నారు.

“జర ఆగుండ్రి సార్. నేనింకా ఒప్పుకోలే. మీ ఇంట్ల ఇంతకుముందు ఉన్నోళ్ల నంబర్ ఇస్తరా?”

ఆయనను ప్రవర్తన సర్టిఫికెట్టు అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

ఇంతకుముందు ఉన్నది ఉదయ్ భాస్కర్ కుటుంబం. వాళ్లకు నాలుగేళ్ల పాప. వాసంతి ఉన్నన్నాళ్లూ ఆ పాప పైన పరుగెడుతుంటే ఇద్దరూ నవ్వుకునేవారు. ఆవిడ పోయాక ఈయన ప్రతి సాయంత్రం మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి, ‘కాస్త చప్పుడు తగ్గించండి’ అనేవారు. వాళ్లు తగ్గించారు. పాపకు ఇంట్లో మేజోళ్లు తొడిగారు. మూడు నెలలు చూసి ఖాళీ చేశారు.

అంతకుముందువాళ్ల నంబరు కూడా ఫోనులో ఉంది. వాళ్లైతే ఈయన దేవుడని చెబుతారు. ఆయన వేలు దాని మీద కాసేపు నిలిచింది. చివరికి ఉదయ్ భాస్కర్ నంబరే పంపారు.

రెండు రోజులు జవాబు లేదు. పదో తరగతి ఫలితాల రోజున గేటు దగ్గర గోళ్లు కొరుక్కునే పిల్లలను ఆయన చాలాసార్లు కోప్పడ్డారు. ఈ రెండు రోజుల్లో తన గోళ్లు ఆయన చూసుకోలేదు.

మూడోరోజు తల్లీకూతుళ్లు వచ్చారు.

“ఉదయ్ సార్ చెప్పిండు,” అంది ఎవాంజెలిన్. “మీరు రోజు పైకొచ్చి గదమాయించెటోళ్లంట.”

“గదమాయించలేదమ్మా. అడిగాను.” మళ్లీ తనే, “రోజూ అడిగాను,” అన్నారు.

“మా అమ్మ మిషన్ కుడ్తది. నేను నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పండుకుంట. ఎవరన్న వచ్చి తలుపు కొడితే నాతోని కాదు సార్.”

ఆయన పై వాటా వైపు చూశారు. “అప్పుడు ఇంట్లో ఒక మనిషి తగ్గింది. పైన చప్పుడు వినిపించినప్పుడల్లా ఆ సంగతి తెలిసేది. చప్పుడు ఆగితే తెలియదనుకున్నాను.”

మెట్టు మీద కూర్చున్న కృపమ్మ తలెత్తింది. “ఎన్ని నెలలాయె సార్?”

“ఏడు.”

“మా ఆయన పోయి పదకొండేండ్లు,” అంటూ మోకాళ్లు పట్టుకుని లేచింది. “పా బిడ్డా, మిషన్ ఏడ పెట్టాల్నో చూద్దాం.”

ఎవాంజెలిన్ కదల్లేదు. “నెల రోజులు చూస్త సార్. మంచిగ అనిపిస్తెనే ఉంటం. ఏదన్న ఉంటే ఫోన్ చెయ్యిండ్రి, పైకి రావద్దు. నల్లా రేపటికల్ల చేపియ్యిండ్రి.”

“అలాగేనమ్మా,” అన్నారు ఆయన. అన్నాక, తాను చేతులు కట్టుకుని నిలబడి ఉన్నట్టు గమనించి వాటిని విప్పుకున్నారు.

పైనుంచి కృపమ్మ కేకేసింది. “సారూ, మీరు పండేది ఏ అర్ర? దాని మీద పెట్టకుంట ఉంట.”

“ఎక్కడ వెలుతురుంటే అక్కడ పెట్టుకోండమ్మా.”

నల్లా బాగుచేసేవాణ్ని వెతుక్కుంటూ ఆయన రోడ్డు దాటి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లారు.

“ఇచ్చినరా సారూ ఇల్లు?” అంది చెన్నమ్మ.

“వాళ్లే పుచ్చుకున్నారు. నన్ను నెల రోజులు చూస్తారట.”