చేపలు మాత్రమే కనపడాలి

నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపే మిషన్లు బిగించే ఫిట్టరమ్మ పడవని ఒడ్డుకు లాగించి, దాని వెనక బోర్లా పడుకుని, చెక్క కింది అంచుకి సెన్సరు బిగించేది. ఇంజను ఫ్యానుకి దగ్గరగా పెడితే బుడగలు తప్ప ఏమీ కనపడవు. చోటు కుదిరితే సెన్సరు నీళ్లలోకి శబ్దం పంపుతుంది, అది తగిలి తిరిగొస్తే తెరమీద చేప విల్లులా వంగి కనపడుతుంది. నీళ్లలో పోయినవాళ్లు నిలువు గీతల్లా కనపడతారు. ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి వల తగలకుండా పక్కనుంచి పోతే సరి. "అదిగో మా మావయ్య" అనుకుంటూ జాలర్లు పోతారు.

ఫిట్టరమ్మ అన్నయ్య మాత్రం ఏ తెరమీదా కనపడలేదు. గండుమీసం పడవలో పనికెళ్లి తిరిగి రాలేదు. "ఈదుకుంటూ పోయి ఎక్కడో ఒడ్డెక్కి చెక్కేశాడు" అని పడవ యజమాని గండుమీసం ఊరంతా చెప్పాడు. పోయాడని ఏడవాలో, వస్తాడని ఎదురుచూడాలో తెలీక ఆమె, వదిన నలిగిపోయారు.

ఆ గండుమీసమే ఇప్పుడు వల ఖాళీగా వస్తోందని మిషను పెట్టించుకుంటున్నాడు.

"చేపలు మాత్రమే కనపడాలి, మనుషులు కనపడకూడదు. ఆ సెట్టింగు పెట్టు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు పాపం.

"అలాంటి సెట్టింగు లేదు బాబాయ్. ఉన్నదంతా కనపడుతుంది."

ఆయన ఆమె జుట్టు పట్టి, మొహాన్ని చెక్కకేసి కొట్టాడు. ఆమె రక్తం ఉమ్మేసి, సెన్సరు ఎక్కడుండాలో అక్కడే బిగించింది. పని చెడగొట్టడం ఆమెకు చేతకాదు.

పడవ నడుస్తుండగా తెర చూడందే పని అయినట్టు కాదు. అందుకని ఇద్దరూ నీళ్లమీదికి వెళ్లారు. తెర వెలిగింది. ఇరవై బారల లోతుండాల్సిన చోట చేతికందేంత చూపిస్తోంది. పడవ అడుగుకి అంటిపెట్టుకుని ఒక నిలువు గీత. పడవ ఎటు తిరిగితే అటే వస్తోంది. అన్నయ్యే! ఈ పడవనే అంటుకుని తిరుగుతుంటే ఇంకే పడవ తెరమీద కనపడతాడు!

"ఏం చేశావ్ మా అన్నయ్యని?" అని అరిచింది.

"ఎదురు మాట్లాడాడు. ఇదిగో, దీంతోనే బుర్ర పగలగొట్టా," అంటూ గండుమీసం ఇనపరాడ్డు ఎత్తాడు. మొదటి దెబ్బకే ఆమె ఎడమచెయ్యి విరిగింది. రెండో దెబ్బకి రాడ్డు ఎత్తేసరికి పడవని కిందనుంచి ఎవరో ఒక్క తోపు తోశారు. ఆయన వెల్లకిలా నీళ్లలో పడ్డాడు. ఆమె ఇంజను ఆపేసింది.

"తాడు! తాడు వెయ్యవే!"

ఎంత కోపమున్నా మునిగేవాడికి తాడు వెయ్యకుండా ఉండలేకపోయింది. మిగిలిన చేత్తో విసిరింది. ఆయన పట్టుకున్నాడు. తెరమీద గీత పడవని వదిలేసి ఆయన కాళ్లవైపు కదిలింది. తాడు కిందికి గుంజుకుపోతుంటే ఆమె అరచేతి తోలు లేచిపోయింది.

ఆమె తాడు వదిలేసింది.

రెండు గీతలు పెనుగులాడుకుంటూ అడుగుకి దిగాయి. చాలాసేపటికి ఒకటి కొట్టుకోవడం మానేసింది. రెండోది దానికి దూరంగా జరిగి, అందరిలాగే ఒకచోట నిలబడింది.

"అక్కడే ఉండు అన్నయ్యా, వదినని తీసుకొస్తా," అని వెక్కివెక్కి ఏడుస్తూ, ఫిట్టరమ్మ ఒంటిచేత్తో పడవని ఒడ్డుకు తిప్పింది.