జిల్లుమన్న శాంప్లర్

పుంగనూరులో భీమరావు ఇంటి వెనక గదిలో, బల్ల మీద రెండు పాత శాంప్లర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి తేలికైన ప్లాస్టిక్‌ది. రెండోది ఇనుప పెట్టె, ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. భీమరావు ఒకప్పుడు మదనపల్లె చుట్టుపక్కల జాతరల్లో ఆర్కెస్ట్రా నడిపిన మనిషి. ఏ శబ్దాన్నైనా ఆ మిషన్లలోకి ఎక్కించి, ముక్కలు చేసి, రబ్బరు మీటల మీద వేళ్లతో వాయించుకోవచ్చు. ఇన్నాళ్లూ ఫోన్లోనే హిప్‌హాప్ బీట్లు చేసిన మేఘన, పాత మిషన్ల గరగర శబ్దం కోసమే, ఒకటి కొనుక్కుందామని కుప్పం నుంచి వచ్చింది.

ముందు ప్లాస్టిక్‌దాన్ని వాయించింది. పలుచగా పలికింది. ఇనుపదాని మీట నొక్కగానే డోలు దెబ్బ నేరుగా గుండెలో పడింది. మనసు అటే మొగ్గింది. వాల్యూమ్ తిప్పబోతుంటే మణికట్టు పెట్టె అంచుకు తగిలింది. జిల్లుమంది.

చటుక్కున చెయ్యి లాక్కుంది.

“ఏమైంది మా?” అన్నాడు భీమరావు.

“షాక్ కొడతాండాది సార్.”

“పాత మిషన్ గదా, రవ్వంత అట్లే ఉంటాది. యాల బయపడతావు?”

కొన్నేళ్ల కిందట శాంతిపురం దగ్గర చేలో వాళ్ల నాయన కూడా ఇలాగే అన్నాడు. బోరు స్టార్టరు డబ్బా తాకి, “రవ్వంత జిల్లుమంటాంది, ఏం కాదులే” అని నవ్వాడు. మర్నాడు పొద్దున ఆ డబ్బా కిందే పడి ఉన్నాడు.

మేఘన ప్లగ్గు స్విచ్చి ఆపింది. మిషన్ దీపాలు ఆరిపోయాయి. వేలి వెనకవైపుతో మెల్లగా తాకి చూసింది. మళ్లీ జిల్లుమంది. ఆపేసినా కొడుతోంది! తప్పు మిషన్‌ది కాదు. కరెంటు గోడలోంచి వస్తోంది. అంటే ఈ ఇంట్లో ప్లగ్గుకు తగిలించిన ఏ ఇనుప వస్తువైనా కొట్టొచ్చు.

అప్పుడే వంటింట్లోంచి భీమరావు భార్య గంగాదేవి, “పాపకు మజ్జిగ ఇస్తా ఉండు” అంటూ తడి చేతులతో, వట్టి కాళ్లతో ఫ్రిజ్ దగ్గరికి నడిచింది.

“అమ్మా, తాకొద్దు!” మేఘన కేక ఇల్లంతా అదిరింది. “సార్, మెయిన్ యాడుండాది? బిరీన ఆపండి!”

ఆమె ముఖం చూడగానే భీమరావు లేచాడు. పరుగెత్తి మెయిన్ దించాడు. గంగాదేవి చాచిన చేత్తో అలాగే నిలబడిపోయింది.

కరెంటు పని చేసే గంగులప్ప వచ్చి చూశాడు. ఫ్రిజ్‌లో తీగె తొక్క ఊడి బయటి రేకుకు తగులుతోంది. ఇంటి ఎర్తు తీగె నేల దగ్గర తెగిపోయింది. కరెంటు భూమిలోకి పోలేక, అన్ని ప్లగ్గులనూ కలిపే ఆ ఎర్తు తీగె వెంబడే ఇనుప మిషన్ దాకా వచ్చింది.

“తడి చేత్తో ఫ్రిజ్ పట్టుకోనుంటే...” అన్నాడు గంగులప్ప. గంగాదేవి మేఘన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అంతా బాగుచేశాక భీమరావు ఇబ్బందిగా అన్నాడు, “ప్లాస్టిక్‌ది తీసుకో మా. నిమ్మళంగా ఉంటావు.”

ఇనుపదానిలో తప్పు లేదని మేఘనకు తెలుసు. అయినా చెయ్యి ముందుకు పోలేదు. గంగులప్ప టెస్టరు పెట్టి చూపించాడు, వెలగలేదు. ఆమె కళ్లు మూసుకుని వేలు ఆనించింది. చల్లటి ఇనుము, అంతే.

“ఇదే కావాల సార్” అంది.

కుప్పంలో సంగతంతా విన్న వాళ్లమ్మ లత, తమ ఇంటి ఎర్తు కూడా పరీక్ష చేయించేదాకా మిషన్‌ను గోడ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత కూడా కూతురు వాయించినంతసేపూ స్విచ్చి మీద వేలు పెట్టుకుని అక్కడే నిలబడింది.