ఫెర్న్ మొక్కకు పథ్యం

నా చేతులు ఊరుకోవు. ఏళ్ల తరబడి లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి. వదులైన మర కనిపిస్తే బిగించాలి, కిర్రుమన్న తలుపుకి చుక్క నూనె వెయ్యాలి, ఎవరింటికి భోజనానికి వెళ్లినా ఊగే కుర్చీని తలకిందులు చేసి చూడాలి. ఈ జబ్బుకి మందు లేదని మా ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. అలాంటివాణ్ణి పట్టుకుని డాక్టరు, "మీరు చెయ్యాల్సిందేమీ లేదండీ, ఓపిక పట్టడమే" అన్నాడు.

మా ఆవిడకి పేగుకి ఆపరేషన్ అయింది. బాగానే అయింది. కుట్లూ బాగానే ఉన్నాయి. కాని గాలి పోవాలట. దీన్ని మర్యాదగా ఎలా చెప్పాలో నాకు తెలియదు. వెనక నుంచి గాలి పోతే పేగు మళ్లీ పనిలో పడ్డట్టు లెక్క. అప్పటిదాకా పెదవులు తడుపుకోవడానికి నీళ్లు తప్ప నోట్లోకి ఏదీ వెళ్లకూడదు. ముందే తినిపిస్తే కక్కుకుంటుందని, ఆ వాంతుల వల్ల కుట్లకే ముప్పు రావచ్చని నర్సు గట్టిగా చెప్పింది. రోజూ ఆ నర్సు వచ్చి అడుగుతుంది, మా ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది, మేం ఉసూరుమంటూ ఇంటికొస్తాం. ఇంటిల్లిపాదీ ఒక మనిషి గాలి వదలడం కోసం ఇలా ఎదురుచూస్తారని ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాణ్ణి.

ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, మా అత్తగారు, కాలేజీలో చదివే మా అమ్మాయి. ముగ్గురం కాలు కాలిన పిల్లుల్లా తిరుగుతున్నాం. అత్తగారు తుడిచిన పొయ్యినే మళ్లీ తుడుస్తుంది. అమ్మాయి పుస్తకం తెరిచి ఫోన్ చూస్తుంది, ఫోన్ తెరిచి కిటికీ చూస్తుంది. నేను బాగానే ఉన్న కుళాయిని విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేశాను.

ఆ కిటికీలోనే ఉంది ఫెర్న్. మా ఆవిడకి అదంటే ప్రాణం. వంటింట్లో మిగిలినదానితోనే దాన్ని పెంచింది. టీ కాచిన ఆకుని కడిగి ఆరబెట్టి చిటికెడు, గుడ్డు పెంకులు పొడి చేసి చిటికెడు, అరటితొక్క నానిన నీళ్లలో బోలెడు మంచినీళ్లు కలిపి ఎప్పుడో ఒకసారి. దాన్ని "భోజనం" అనేది. ఆస్పత్రికి బయలుదేరుతూ, నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా గుమ్మంలో ఆగి, "నేనొచ్చేసరికి అది బతికుండాలి" అంది. ఇంట్లో ఆవిడ అన్న చివరి మాట అదే. 'చివరి' అని రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అందుకని నేను దానికి తిండి పెట్టడం మొదలెట్టాను. టీ వడగట్టాక మిగిలిన పిప్పి మొత్తం, పాలూ చక్కెరా అంటుకుని ఉన్నదాన్ని ఉన్నట్టే కుండీలో వేసేవాణ్ణి. ఎవరూ చూడకుండా. పెళ్లాం ఆస్పత్రిలో పస్తులుంటే అల్లుడు మొక్కకి టీ పడుతున్నాడని అత్తగారు అనుకోవడం నాకిష్టం లేదు. అయినా ఆకుల కొసలు మాడిపోసాగాయి. పాపం, ఆకలేమో అనుకుని ఇంకాస్త వేశాను.

ఆ రోజు పొద్దున నేను పనికి బయలుదేరుతుంటే అత్తగారు గుట్టుచప్పుడు కాకుండా వచ్చి చేతిలో ఫ్లాస్క్ పెట్టింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"సూప్. చిక్కగా కాచాను. సాయంత్రం దాన్ని చూడ్డానికి వెళ్తావు కదా, నర్సు అటు తిరిగినప్పుడు రెండు చెంచాలు పట్టు బాబూ."

"వద్దన్నారు కదా?"

"వాళ్లు అలాగే అంటారు. లోపల ఏదో ఒకటి పడితేనే కదా కడుపు కదిలేది!"

నాకూ సబబే అనిపించింది. వెళ్లినప్పుడల్లా మా ఆవిడ నా మొహం చూడదు, చేతులు చూస్తుంది, ఏమైనా తెచ్చానేమోనని. ఆ చూపు తట్టుకోవడం నా వల్ల కావడం లేదు. ఫ్లాస్క్‌ని పనిముట్ల సంచిలో స్పానర్ల మధ్య దాచాను.

ఆ రోజు పిలిచిన చోట లిఫ్ట్ అంతస్తు దగ్గర ఆగకుండా కిందికి జారి ఆగుతోంది. పైకెక్కి మెషిన్ రూమ్ తలుపు తీశాను. ఉక్కు తాళ్లు నిగనిగలాడుతున్నాయి. నూనె బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఎవరు చేశారీ పని?"

"నేనే సార్" అన్నాడు వాచ్‌మన్, మెచ్చుకుంటాననుకున్నాడో ఏమో. "చప్పుడు చేస్తోందని డబ్బా మొత్తం పట్టించా."

"పెద్దాయనా! తాడు ఆ చక్రాన్ని గట్టిగా పట్టుకుంటేనే లిఫ్ట్ నిలబడేది. నూనె పోస్తే జారదా? అందులో మనుషులెక్కుతారయ్యా!"

"పాపం, అరుస్తోంది కదా అని..."

"అరిస్తే నన్ను పిలవాలి. నీకు పాపం అనిపించినప్పుడల్లా నూనె పోస్తావా? దాని మానాన దాన్ని వదిలెయ్యడం చేతకాదా?"

ముసలాయన మొహం చిన్నబోయింది. నేను కోపంతోనే తాళ్లు తుడిచాను. గుడ్డలన్నీ అయిపోయి, నా చొక్కా కూడా పాడయ్యాక, స్నానం చేసి ఆస్పత్రికి వెళ్దామని ఇంటికొచ్చాను.

హాల్లో అమ్మాయి పాత పేపర్లు పరిచి, ఫెర్న్‌ని కుండీలోంచి ఊడదీసి కూర్చుంది. కుళ్లు వాసన గుప్పుమంది.

"నాన్నా, ఇది చచ్చిపోతోంది" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

వేళ్ల చుట్టూ అరటితొక్కలు నల్లగా, జిగురుగా ఉన్నాయి.

"తొక్కలు నేనే పాతిపెట్టాను. మీరిద్దరూ దీన్ని మర్చిపోయారనుకున్నా."

వంటింటి గుమ్మంలోంచి అత్తగారు మెల్లగా అంది: "బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు నేనూ పోస్తున్నానమ్మా. సారమంతా అందులోనే ఉంటుందని."

"ఉప్పు వేసి ఉడికించినవా అమ్మమ్మా?"

"ఉప్పు లేకుండా ఎవరుడికిస్తారే?"

ఇక మిగిలింది చీమలు పట్టిన టీ పిప్పి. అదెవరిదని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో టీ తాగేది నేనొక్కణ్ణే.

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అరవబోయాను. అంతలో అత్తగారు నేలమీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దానికి పెట్టలేకపోతున్నాను కదా బాబూ. పొయ్యి వెలిగిస్తే దాని మొహమే కనిపిస్తోంది. నా చేతులతో ఎవరికో ఒకరికి పెట్టకపోతే పిచ్చెక్కిపోతుంది."

నా పిచ్చీ అదే. వాచ్‌మన్ మీద అరిచిన అరుపంతా తిరిగొచ్చి నా చెవుల్లోనే పడింది. సంచిలో చెయ్యి పెట్టి ఫ్లాస్క్ తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది వద్దత్తయ్యా."

"రెండు చెంచాలే కదా..."

"మనం ముగ్గురం దీనికీ తలా రెండు చెంచాలే పెట్టాం."

ఆవిడ మొక్క వంక చూసింది. తర్వాత లేచి మూడు గిన్నెలు తెచ్చి, ఆ సూప్ మాకే పోసింది. ముగ్గురం సరిగ్గా తిని ఎన్నాళ్లయిందో, అడుగు దాకా తాగేశాం. అమ్మాయి వేళ్లని మంచినీళ్లతో కడిగి, కుళ్లినవి కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టింది. బతుకుతుందో లేదో చెప్పలేనంది.

ఆస్పత్రిలో మా ఆవిడ నా చేతులే చూసింది. ఏమీ లేవు.

"నా ఫెర్న్ ఎలా ఉంది?"

"పథ్యంలో ఉంది" అని జరిగిందంతా చెప్పాను. అత్తగారి ఉప్పునీళ్ల దగ్గరికొచ్చేసరికి పొట్ట పట్టుకుని, "నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి" అంది. నవ్వు ఆగాక అడిగింది: "అమ్మ నాకేమీ పంపలేదా?"

"పంపింది. మేం తాగేశాం."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం గోడవైపు తిప్పుకుంది. దిండు సర్దాను. సెలైన్ స్టాండు మర కొంచెం వదులుగా ఉంటే బిగించాను. మంచం తల ఎత్తే పిడిని పట్టుకున్నాను.

"ఏదీ ముట్టుకోకండి" అంది గోడవైపే చూస్తూ. "కూర్చోండి."

కూర్చున్నాను. చేతులు ఊరుకోకపోతే రెండూ తొడల కింద పెట్టుకున్నాను. ఆవిడ ఇటు తిరిగి నన్నలా చూసింది. కారిడార్‌లో ఏదో బండి చక్రం కిర్రుమంటూ వెళ్లింది. నేను లేవలేదు. దాహంగా ఉందా అని అడగబోయి మానేశాను. కిటికీలో వెలుగు తగ్గుతోంది.

అప్పుడు దుప్పటి కింద నుంచి చిన్న చప్పుడు వినిపించింది.

చప్పుళ్లు విని రోగం చెప్పడమే నా బతుకుతెరువు. అయినా సరిగ్గా విన్నానా అని ఊపిరి బిగబట్టాను. రెండోసారి ఇంకాస్త గట్టిగానే వచ్చింది. మా ఆవిడ దుప్పటి ముక్కు దాకా లాక్కుంది. పైన కళ్లు మాత్రం నవ్వుతున్నాయి, ఏడుస్తున్నాయి.

"ఇంకా కూర్చుంటారేం?" అంది. "లేచి నర్సుని పిలవండి."